నాలుక మీద పెట్టని చుక్క

రికు ముసలమ్మ చర్మరోగాల విభాగంలోకి అడుగు పెట్టేసరికి మసాయె దూది ఉండలు చుడుతోంది. చేతిలో ఉండ చేతిలోనే నలిగిపోయింది. ఇరవై ఏళ్లయినా ఆ నడక మారలేదు. వాజిమా ఊరంతా తన పెరడే అన్నట్టు నడిచే మనిషి, కనజావా ఆస్పత్రిలో కూడా అలాగే నడిచి వచ్చింది. మారింది ముఖం ఒక్కటే. కళ్లు వాచి గీతల్లా అయిపోయాయి. నుదురూ చెవులూ మెడా కందిపోయి రసి కారుతున్నాయి. జుట్టు మాత్రం డెబ్బై ఏళ్ల మనిషికి ఉండకూడనంత నల్లగా నిగనిగలాడుతోంది.

ఆమె వెనకాల కొడుకు తోకుజి, కోడలు ఫుసా వచ్చారు.

"ఇలా కూర్చోండమ్మా," అంది మసాయె. గొంతు మామూలుగానే పలికింది. ఆస్పత్రి ఉద్యోగం ఆమెకు నేర్పిన మొదటి విద్య అదే.

ముసలమ్మ ఆమెను గుర్తుపట్టలేదు. తోకుజీ పట్టలేదు. ఎలా పడతారు? మసాయె ఆ ఇంట్లో ఉన్నది నెల కూడా నిండలేదు. ఆఖరున వాళ్లు చూసింది మసాయె ముఖం కాదు, కళ్లూ ముక్కూ తెలియకుండా వాచిన మాంసం ముద్ద. పైగా ఇప్పుడు ముక్కుకీ నోటికీ అడ్డంగా తెల్లగుడ్డ కట్టుకుని ఉంది.

మసాయె తండ్రి కొండ ఊళ్లో కర్రను తిప్పి చెక్కే తరిమెన మీద చెక్కగిన్నెలు చేసేవాడు. వాటిని వాజిమాలో ఉరుషి సొనతో మెరుగుపూత పూసే ఇళ్లవాళ్లు కొనుక్కెళ్లేవారు. ఉరుషి చెట్టు సొన మన జీడిసొనకు అక్కచెల్లెలి వరస. ఆరి గట్టిపడ్డాక దానంత అందమైనదీ సాధువైనదీ లేదు. పచ్చిగా ఒంటికి తగిలిందా, పడనివాళ్ల ఒళ్లు బొబ్బలెక్కిపోతుంది. యుద్ధం ముగిసిన మరుసటేడు రికు మొగుడు గిన్నెలు చూడటానికి వచ్చి, పిల్లను కూడా చూసి, అక్కడికక్కడే తోకుజికి ఖాయం చేసేశాడు. ఆయన మాటకు ఆ ఇంట్లో తిరుగులేదు. పెళ్లయిన వారానికే ఆయన సరుకు అమ్ముకురావడానికి దూరపు ఊళ్లకు బయలుదేరాడు.

ఆయన అలా వెళ్లాడో లేదో రికు కొత్తకోడలిని పూతగదిలో కూర్చోబెట్టి, పచ్చి సొన వడగట్టిన గుడ్డలు పిండమంది. మసాయె పిండింది. ఏమీ కాలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే రికు ఆమె చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేది. అత్తగారికి తన మీద ఎంత ప్రేమో అని ఆ పిచ్చిపిల్ల మురిసిపోయింది. కొన్నాళ్లు పోయాక రికు మళ్లీ గుడ్డలు ఇచ్చింది. ఈసారి మర్నాటికల్లా చేతులూ మెడా ముఖమూ ఉబ్బిపోయాయి. రికు చుట్టాలందరినీ పిలిపించి, వాళ్ల మధ్య కోడలిని నిలబెట్టి తీర్పు చెప్పింది.

"నేను కాదనట్లేదు. సొన కాదంది. మొదటిసారి చూసి ఊరుకుంది, రెండోసారి తేల్చేసింది. సొన కాదన్న మనిషికి ఈ ఇంట్లో చోటు లేదు."

తోకుజి గుమ్మం దగ్గర నిలబడి తన కాలివేళ్లు చూసుకున్నాడు. మామగారు తిరిగి రాకముందే, ఆ సాయంత్రమే మసాయెను బస్సు ఎక్కించారు. సొన గెంటేసిన పిల్లను కొండ ఊళ్లో మాత్రం ఎవడు చేసుకుంటాడు? తండ్రి ముందు ఆ ఇంటికి గిన్నెలు చెయ్యడం మానేశాడు. తర్వాత అసలు తరిమెన ముట్టుకోవడమే మానేశాడు. రెండేళ్లు గోడకు ఆనుకుని కూర్చుని పోయాడు. మసాయె తన చేతులను తానే తిట్టుకుంటూ కనజావా వచ్చి, ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికింది, నర్సు చదువు చదివింది, చివరకు కురిమోతో డాక్టరుగారి పరీక్షల గదికి చేరింది.

ఆ గదిలో ఓ గోడ పొడవునా సీసాలే. పుప్పొడి, బూజు, గుడ్డులో తెల్లసొన, గుర్రం నెత్తుటి తేట ఒకవైపు. నికెలు లోహం, రబ్బరు మందులు, జుట్టు రంగు, ఉరుషి సొన ఇంకోవైపు. డాక్టరుగారు నోరు మూసుకుని పనిచేసే రకం కాదు.

"ఒళ్లు ఊరికే కోపం తెచ్చుకోదమ్మాయ్. వచ్చింది పరాయిదై ఉండాలి. దాని కంట పడేంత పెద్దదై ఉండాలి. ఇదిగో ఈ గుర్రం నెత్తుటి తేట ఉందే, దీనిలో ఉండేవన్నీ భారీ మాంసకృత్తులు. వంకర్లు, మెలికలు, కొమ్ములు. ఇలాంటివాటిని ఒళ్లు ఇట్టే పట్టేసుకుంటుంది. ఒంటి చేత కయ్యానికి కాలుదువ్వించే ఇలాంటి సరుకునే యాంటిజెన్ అంటాం. మరి ఈ వైపు సీసాల్లో ఉన్నవి పిపీలికాలు. ఒంటరిగా వస్తే వీటిని ఒళ్లు పట్టించుకోనే పట్టించుకోదు."

"మరి సొన అంత పని చేస్తుందేమండీ?"

"అది నీ చర్మంలోకి దిగి, నీ సొంత మాంసకృత్తులనే అంటిపెట్టుకుంటుంది. అప్పుడు నీదే నీకు పరాయిదిగా కనపడుతుంది. నిన్ను కాల్చేది సొన కాదు. నీ ఒళ్లే నిన్ను కాల్చుకుంటుంది. మొదటిసారి ఊరికే గుర్తుపెట్టుకుంటుంది, అంతే. పగ తీర్చుకునేది రెండోసారి."

ఇంకో రోజు టీ తాగుతూ ఆయన అన్నాడు: "ఏ దారిన వచ్చిందన్నది కూడా ముఖ్యమే. చర్మం మీదుగా వస్తే శత్రువు. అదే నోట్లోంచి కొంచెం కొంచెంగా వస్తే ఒళ్లు దాన్ని తిండి కిందే జమకట్టి ఊరుకుంటుంది. సొన పనివాళ్లలో కొందరు అందుకే దాన్ని నాకుతారట. మీ అత్తగారింట్లో నీకు పెట్టలేదా?"

"వాళ్లకి తెలియదేమోనండీ," అంది మసాయె. నిజంగానే అలా అనుకుంది. అనుకుని, తప్పు తన ఒంటిదేనని మళ్లీ తన చేతులనే తిట్టుకుంది.

ఇప్పుడు డాక్టరుగారు రికు ముఖం అటూ ఇటూ తిప్పి చూశాడు. "జుట్టుకేమన్నా రాస్తారా అమ్మా?"

"ఛ! నాకేం ఖర్మ? మా పుట్టింట్లో జుట్టు నెరిసినవాళ్లే లేరు. అందులో సొన పని చేసే చేతులాయె."

డాక్టరుగారు నవ్వి ఊరుకుని, మసాయెతో, "వరసంతా అంటించు. జుట్టు రంగుతో సహా, సొన ఆఖరున. ఎల్లుండి చూద్దాం," అని వేరే రోగి దగ్గరకు వెళ్లిపోయాడు.

రికు తెర వెనక్కి వెళ్లి కిమోనో విప్పుకుంటుంటే, ఫుసా మసాయె దగ్గరకు జరిగింది. బుగ్గలు నిండుగా ఉన్న మనిషి. కడుపులో మాట దాచుకునే రకంలా లేదు.

"సొనేనంటారా, నర్సుగారూ?"

"చూడాలమ్మా. ఇంతకుముందు ఆవిడకి ఎప్పుడైనా పడకపోవడం..."

"మా అత్తయ్యకా? సొనలో పుట్టి సొనలో పెరిగింది. నన్ను చూడండి, నేను బియ్యం కొట్టువాళ్ల పిల్లని. పెళ్లైన కొత్తలో రోజూ పొద్దున్నే పులిసిన సోయా మిసో ముద్దలో సొన చుక్క పెట్టి, పుల్లతో ఆవిడే నా నాలుక మీద రాసేది. నెల దాటేదాకా పూతగది గడప తొక్కనివ్వలేదు. ముందు నాలుకకి అలవాటు చేస్తే తర్వాత చేతికేం కాదట. ఈ వేలికి చిన్న పొక్కు కూడా రాలేదంటే నమ్మండి."

మసాయె చేతిలో పట్టీల కత్తెర ఆగింది. "అందరు కోడళ్లకీ పెడతారా అలా?"

"బయటినుంచి వచ్చిన కోడలికి పెట్టకుండా ఎలా ఉంటారు? ఆ ఇంట్లో తాతముత్తాతల నాటినుంచీ పద్ధతి అది. నాకంటే ముందు ఒకామె వచ్చిందట పాపం, ఆమెకి మాత్రం..."

"ఫుసా! నోరు ముయ్," అంది తెర వెనకనుంచి రికు.

ఫుసా మూతి తిప్పుకుంది. గొంతు తగ్గించింది కానీ ఆగలేదు. "సొన కాదన్న మనిషికి ఇంట్లో చోటు లేదని శాసనం చేసింది ఆవిడే. ఇప్పుడు ఆవిడకే వచ్చింది. పెద్దవాళ్లంతా మీ మాట కోసమే చూస్తున్నారు. సొనే అని తేలితే, పట్నం చివర మా ఆయన పినతండ్రి వాళ్ల పాత ఇల్లుంది, అక్కడ పెడదామని. ఆవిడ కుంచెలు నేను అప్పుడే సర్దేశాను లెండి."

తోకుజి కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. చూడటానికి అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

మసాయె తెర తీసుకుని లోపలికి వెళ్లింది. తెలుసు. ఈ ముసలిదానికి అంతా తెలుసు. నాలుక మీద ఒక్క చుక్క పెడితే సరిపోయేదానికి, తెలిసి తెలిసి చేతుల మీద పోసింది. పొద్దున్నే చేతులు తిప్పి చూసింది ప్రేమతో కాదు, ఇంకా పొక్కలేదేమా అని. ఇరవై ఏళ్లు తను తిట్టుకున్న చేతులకు ఏ పాపమూ తెలియదు. నాన్న గోడకు ఆనుకుని చచ్చిపోయింది దీని మూలంగా.

ముసలమ్మ వీపు తెల్లగా, ముడతలు పడి, చలికి వణుకుతూ ఎదురుగా ఉంది. మసాయె ఒక్కో సీసాలోని చుక్కను ఒక్కో గుడ్డబిళ్ల మీద అద్ది, వరసగా అంటించింది. ఏ బిళ్ల కింద చర్మం పొంగితే అది పడనట్టు. ఆఖరిది సొన.

"నీ చెయ్యి మెత్తగా ఉందమ్మాయ్," అంది రికు.

"మంచి చెయ్యేనండీ," అంది మసాయె.

వాళ్లు బసకు వెళ్లిపోయాక, అదే సీసాలోంచి తీసిన సొన చుక్క బిళ్ల మీద అద్ది, తన ఎడమ ముంజేతికి అంటించుకుంది. కొత్తగా పలచన చేసిన సొనను పడని మనిషి మీద ఒకసారి చూడటం ఆ గదిలో ఉన్న పద్ధతే. సీసాలో సొన చచ్చిపోయి ఉంటే ఎవరి వీపు మీదా ఏమీ రాదు కదా. పడని మనిషి అంటే ఆస్పత్రి మొత్తానికీ మసాయే. ఆమె బాధ చూడలేక డాక్టరుగారు అడగడం మానేశాడు. ఈసారి ఎవరూ అడగకుండానే అంటించుకుంది.

ఆ రెండు రోజులూ ఆమెకు అన్నం సహించలేదు. ఒక్క మాట చాలు. "సొనే." డాక్టరుగారు తన మాట నమ్ముతాడు. ఏ బిళ్ల ఎక్కడ అంటించిందో తనకే తెలుసు. ముసలమ్మ తన వీపు తను చూసుకోలేదు. ఆ మాట అనగానే రికును కుంచెల మూటతో సహా పాత ఇంట్లో పడేస్తారు. తన నోటితో తను చేసిన శాసనమే తన మెడకు చుట్టుకుంటుంది. ఆ దృశ్యం ఎన్నిసార్లు తలుచుకున్నా మసాయెకు తనివి తీరలేదు. చెయ్యి దురదతో మండిపోతుంటే, ఆ మంట కూడా తియ్యగానే ఉంది.

మూడో రోజు పొద్దున రికు ఒక్కతే తెర వెనక కూర్చుంది. ముఖం వాపు కొంచెం తీసింది. తోకుజీ ఫుసా తెరకు అవతల బల్ల మీద ఉన్నారు. డాక్టరుగారు ఇంకా రాలేదు. మసాయె బిళ్లలు ఒక్కొక్కటే ఊడదీసింది.

సొన పెట్టిన చోట చర్మం పసిపిల్లలదానిలా శుభ్రంగా ఉంది. జుట్టు రంగు పెట్టిన చోట ఎర్రగా పొంగి, చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి.

"ఏమైందమ్మా?" అంది రికు. "సొన కాదు కదూ? కాదని చెప్పు తల్లీ. ఆ ఇంటికి పదిహేడో ఏట వచ్చాను. కుంచె పట్టని రోజు లేదు. నన్ను అందులోంచి తీసేస్తే నాకింకేం మిగలదు."

నోటిదాకా వచ్చిన "సొనే" అన్న మాటను మసాయె ఆపుకుంది. ఆ ఒక్క మాటతో అయిపోతే శిక్ష చాలా చిన్నది అయిపోతుంది. ఈ మనిషి తన తప్పు ఏమిటో తెలియకుండానే వెళ్లిపోతుంది.

"జుట్టుకి నిజంగా ఏమీ రాయరా?"

"చెప్పానుగా. రాయను."

"అలాగా. అయితే సొనేనండీ. ఇంకేం మిగల్లేదు."

రికు వీపు బిగుసుకుపోయింది. తెర అవతల ఫుసా దగ్గింది.

"ఒకవేళ..." అంది ముసలమ్మ. "ఒకవేళ ఎవరైనా ఎప్పుడన్నా కాస్త రాసుకుంటే?"

"ఎవరైనా అంటే ఎవరండీ?"

"నేనే అనుకో."

"వినపడలేదు."

"నేనే! రంగేసుకుంటాను!"

"ఎన్నాళ్లనుంచి?"

"ఏళ్లనుంచి. స్నానాల గదిలో తలుపేసుకుని. ఎప్పుడూ ఏమీ కాలేదు, ఇప్పుడెందుకవుతుంది? చిన్నగా మాట్లాడు తల్లీ, వాళ్లు వింటారు. సొన చేతులకి జుట్టు నెరవదని ఊరంతా చెప్పుకున్నాను. ఫుసాకి తెలిస్తే నా పరువు బజారున పడుతుంది."

మసాయె తెర బర్రున పక్కకు లాగింది.

రికు గబుక్కున కిమోనో పైకి లాక్కుంది. ఎదురుగా ఫుసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. "జుట్టు రంగా అత్తయ్యా? పుట్టింటి వరమన్నారు!"

"మీ అత్తగారికి సొన పడకపోవడమేమీ లేదు," అంది మసాయె. "జుట్టు రంగు పడలేదు. ఏళ్ల తరబడి ఊరుకున్న ఒళ్లు ఓ రోజు ఊరుకోదు, అంతే. రంగు మానేస్తే ముఖం తగ్గిపోతుంది. కుంచెలు తీసి ఎక్కడివక్కడ పెట్టెయ్యండి."

"సొన సీసాలో సరిగ్గా ఉందో లేదో," అంది ఫుసా. ఆశ అంత తొందరగా వదులుకునే మనిషి కాదామె.

"అదీ చూశాను." మసాయె ఎడమ చేతి కట్టు విప్పింది. ముంజేయి సగందాకా వాచి ఉంది. మధ్యలో చిక్కుడుగింజలంత పొక్కులు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి. "అదే సీసా, అదే చుక్క. సొన ఒంటికి పడకపోతే ఇలా ఉంటుంది. నాకిది మొదట వచ్చి ఇరవై ఏళ్లయింది. అయినా ఒళ్లు మర్చిపోలేదు."

ముక్కుకు కట్టుకున్న గుడ్డ తీసేసింది.

ముందు గుర్తుపట్టింది తోకుజి. చేతినీ ముఖాన్నీ మార్చి మార్చి చూసి, బల్ల మీదనుంచి లేచి నిలబడ్డాడు. "మసాయె," అన్నాడు. మొగుడి నోట తన పేరు ఆమె వినడం బహుశా అదే మొదటిసారి.

"ఫుసాగారూ, మొన్న మీ అత్తగారు మిమ్మల్ని మధ్యలో ఆపేశారుగా. మీకంటే ముందు వచ్చినామెకి మాత్రం ఏమైందో ఆవిణ్నే అడగండి. మిసో ముద్ద ఆమెకి ఎందుకు పెట్టలేదో అడగండి."

రికు కిమోనో అంచు పిసుకుతూ కూర్చుంది. కొడుకు వైపు చూసింది, ఆదుకుంటాడని. తోకుజి తల్లి వైపే చూస్తున్నాడు. జీవితంలో మొదటిసారి కాలివేళ్లు చూసుకోలేదు.

"అమ్మా. పెట్టలేదా?"

"నా చిన్ననాటి నేస్తానికి, ఫుసా వాళ్లమ్మకి మాటిచ్చాను," అంది రికు. "ఫుసాని కోడలిగా చేసుకుంటానని, అది పుట్టినప్పుడే. మీ నాన్న నాతో ఒక్క మాటైనా అనకుండా కొండ ఊరి పిల్లని తెచ్చి నా నెత్తిన పెట్టాడు. ఆయన్ని కాదనడానికి నాకు నోరెక్కడిది? అందుకని... సొన చేత అనిపించాను."

ఫుసా కళ్లలో నవ్వు ఆరిపోయింది. మిసో ముద్దలు తిని గెలుచుకున్నాననుకున్న చోటు ఎవరిదో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. తోకుజి రెండడుగులు వేసి, మసాయె ఎదుట నడుము వంచి తల దించాడు. దించి, అలాగే ఉండిపోయాడు.

"లేవండి," అంది మసాయె. "అప్పుడు దించిన తలేగా. కొత్తగా ఏముంది?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆయన తల ఎత్తలేదు. మసాయెకు హాయిగా ఉంది. ఇరవై ఏళ్లలో ఇంత హాయి ఆమె ఎరగదు. ముసలమ్మ ఇక ఆ ఇంట్లోనే ఉంటుంది. వారం వారం తెల్లబడే జుట్టుతో, అంతా తెలిసిన కోడలి చేతి అన్నం తింటూ, అంతా తెలిసిన కొడుకు ఎదుట కుంచె పట్టుకుని. పాత ఇంట్లో పడేసి ఉంటే ఇంతకంటే సుఖంగా ఉండేది.

రికు మెల్లగా లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. పొక్కులు చూసి ఆగిపోయింది. వాచిన కళ్లలోంచి నీళ్లు కారి, పచ్చి చర్మం మీద పడి మండుతున్నట్టున్నాయి. మొహం చిట్లించింది.

"తప్పు చేశాను తల్లీ. ముసలిదాన్ని. క్షమించానని ఒక్క మాట అను. నీ కాళ్లు పట్టుకుంటాను."

మసాయె కట్టు మళ్లీ చుట్టుకుంది. ఒంటి చేత్తో ముడి వెయ్యడం కుదరక, ఒక కొస పళ్లతో పట్టుకుని లాగి బిగించింది. తర్వాత గుడ్డ ముక్కు మీదకు లాక్కుంది.

"ముందు నాలుక మీద పెట్టి ఉంటే ఒళ్లు ఒప్పుకునేదండీ. మీరు ముందు చర్మం మీద పెట్టారు. ఇప్పుడు ఎంత నాకించినా ఒప్పుకోదు," అని, తెర పక్కకు తీసి, తర్వాతి రోగిని పిలిచింది.